హుయాన్ త్సాంగ్

హుయాన్ త్సాంగ్ (602 - 664) చైనా దేశానికి చెందిన బౌద్ధ భిక్షువు, యాత్రికుడు, అనువాదకుడు. తెలుగు పుస్తకాలలో ఈయన పేరు హ్యూయెన్ సాంగ్, యువాన్ చాంగ్ అని కూడా కనిపిస్తుంది. హర్షవర్ధనుని కాలంలో భారతదేశాన్ని సందర్శించి, తాను చూసిన రాజ్యాలను గూర్చి వివరమైన గ్రంథం రచించాడు. ఏలూరు సమీపంలోని వేంగీ నగరాన్ని వర్ణించిన తొలి విదేశీ యాత్రికులలో ఈయన ముఖ్యుడు. తామ్రలిప్తి రేవు నుండి ఓడలో సింహళానికి వెళ్ళదలచి, ఆ ప్రయాణాన్ని మానుకొని భూమార్గం పట్టడం వల్లనే ఆయన ఆంధ్రదేశానికి వచ్చాడు.

బాల్యము, విద్య

హుయాన్ త్సాంగ్ చైనాలోని లొయాంగ్ నగర ప్రాంతంలో పండిత కుటుంబంలో జన్మించాడు. అన్నగారిని అనుసరించి చిన్నతనంలోనే బౌద్ధ విహారంలో చేరాడు. 622లో చెంగ్డూ నగరంలో పూర్తి భిక్షు దీక్ష స్వీకరించాడు. చైనా భాషలో లభించే బౌద్ధ గ్రంథాలలో పరస్పర భేదాలు ఉండడం గమనించి, మూల గ్రంథాలను భారతదేశంలోనే అభ్యసించాలని నిశ్చయించుకున్నాడు. ఆ కాలంలో దేశం విడిచి వెళ్ళడానికి చక్రవర్తి అనుమతి ఉండేది కాదు. అందువలన సుమారు 629లో రహస్యంగా బయలుదేరి, ఎడారులను, మంచు పర్వతాలను దాటి భారతదేశం చేరాడు.

గంగానదిపై ప్రమాదం

కాశ్మీరంలోను, ఇతర ప్రాంతాలలోను విద్యాభ్యాసం చేసిన తరువాత ఆయన గంగా మైదానానికి వచ్చాడు. అయోధ్య నుండి సుమారు 80 మంది ప్రయాణికులతో కలిసి గంగానదిపై పడవలో వెళ్తుండగా నదీ చోరులు అడ్డగించారు. వారు దుర్గాదేవిని కొలిచేవారు. రూపవంతుడైన ఈ భిక్షువును దేవికి బలి ఇవ్వాలని నిర్ణయించారు. ఆయన కలత చెందక ధ్యానంలో కూర్చున్నాడనీ, అంతలో పెద్ద గాలివాన చెలరేగగా చోరులు భయపడి పశ్చాత్తాపంతో విడిచిపెట్టారనీ ఆయన శిష్యుడు హుయ్‌లీ రచించిన జీవిత చరిత్రలో ఉన్నది.

అనంతరం నలందా మహావిహారం చేరి, వయోవృద్ధుడైన శీలభద్రుని వద్ద యోగాచార సిద్ధాంతాన్ని, తర్కాన్ని కొన్నేళ్ళపాటు అభ్యసించాడు.

తామ్రలిప్తి రేవు

నలంద నుండి తూర్పు దేశాల పర్యటనకు బయలుదేరిన హుయాన్ త్సాంగ్ వంగదేశంలోని తామ్రలిప్తి చేరుకున్నాడు. ఇది నేటి పశ్చిమ బెంగాల్‌లోని తమ్లుక్. నేల, నీరు కలిసే చోట ఉన్న ఈ నగరానికి దేశదేశాల అమూల్య వస్తువులు వచ్చి చేరేవని ఆయన వ్రాశాడు. అక్కడ సుమారు 10 విహారాలు, 1000 మంది భిక్షువులు ఉన్నారనీ, అశోకుని స్తూపం ఒకటి ఉన్నదనీ పేర్కొన్నాడు. అంతకు రెండు శతాబ్దాలకు పూర్వం మరొక చైనా యాత్రికుడు ఫాహియాన్ ఇదే రేవులో వర్తకుల ఓడ ఎక్కి 14 రోజులలో సింహళం చేరాడు.

హుయాన్ త్సాంగ్ కూడా అలాగే వెళ్ళదలచాడు. కానీ దక్షిణాదికి చెందిన ఒక భిక్షువు ఆయనను వారించాడు. తుఫానులు, కెరటాలతో ఆ సముద్ర మార్గం ప్రమాదకరమనీ, దక్షిణ తీరం నుండి అయితే మూడు రోజులలోనే సింహళం చేరవచ్చుననీ, దారిలో ఓఢ్ర మొదలైన దేశాలలోని పుణ్యస్థలాలను కూడా చూడవచ్చుననీ సలహా ఇచ్చాడు. హుయాన్ త్సాంగ్ ఆ మాట మన్నించి ఓఢ్ర, కళింగ, దక్షిణ కోసల దేశాల మీదుగా భూమార్గంలో దక్షిణానికి ప్రయాణమయ్యాడు. ఓఢ్ర దేశ తీరంలో నావికులు బయలుదేరే, బాటసారులు విశ్రమించే చరిత్రపురం అనే రేవు పట్టణాన్ని కూడా తన గ్రంథంలో వర్ణించాడు.

ఆంధ్రదేశంలో

సుమారు 639 ప్రాంతంలో ఆయన ఆంధ్రదేశంలో అడుగుపెట్టాడు. ఆయన గ్రంథంలో ఆంధ్రదేశ రాజధానిగా పేర్కొన్న నగరం వేంగి అనీ, అది కొల్లేరు సరస్సుకు ఉత్తరాన, ఏలూరు సమీపాన ఉన్న నేటి పెదవేగి అనీ చరిత్రకారులు ఎక్కువమంది భావిస్తున్నారు. పశ్చిమ చాళుక్య రాజు రెండవ పులకేశి వేంగి ప్రాంతాన్ని జయించి, తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనునికి అప్పగించిన కాలమది. పులకేశి పోరాడినట్లు ఐహోళె శాసనంలో ఉన్న కునాల సరస్సు కొల్లేరేనని ప్రసిద్ధి.

ఈ దేశం చుట్టుకొలత 3000 లీలు, రాజధాని చుట్టుకొలత 20 లీలు అని ఆయన వ్రాశాడు. లీ అనేది చైనా దూరమానం. ఇది అర కిలోమీటరుకు కొంచెం తక్కువ. నేల సారవంతమైనదనీ, వేడి ఎక్కువనీ, జనులు ఉద్రేక స్వభావులనీ, 20కి పైగా విహారాలలో సుమారు 3000 మంది భిక్షువులు ఉన్నారనీ తెలిపాడు. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకు భిన్నమైనదనీ, లిపి మాత్రం చాలావరకు అక్కడి లిపిని పోలి ఉన్నదనీ గమనించాడు. తెలుగు భాష చరిత్రను అధ్యయనం చేసేవారికి ఇది విలువైన సాక్ష్యం.

రాజధానికి సమీపంలో అచలుడనే అర్హతుడు నిర్మించిన, అందమైన శిల్పాలు గల విహారాన్ని, దాని ఎదుట ఉన్న రాతి స్తూపాన్ని పేర్కొన్నాడు. అక్కడికి నైరుతి దిశలో ఉన్న ఒక ఒంటరి కొండపై దిఙ్నాగుడు తర్క గ్రంథం రచించాడని తెలిపాడు. ఏలూరుకు ఉత్తరాన గుంటుపల్లిలో ఉన్న కొండ గుహలు, స్తూపాలు ఈ ప్రాంతంలో బౌద్ధం ఎంత ప్రాచీనమైనదో తెలుపుతాయి.

తరువాత ఆయన ధాన్యకటకం వెళ్ళాడు. అక్కడ విహారాలు చాలావరకు శిథిలమై, సుమారు 20 మాత్రమే మిగిలి ఉన్నాయని వ్రాశాడు. అక్కడ కొన్ని నెలలు నివసించి ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘిక శాఖకు చెందిన అభిధర్మాన్ని నేర్చుకొని, వారికి మహాయాన గ్రంథాలను బోధించాడు.

కంచిలో

పల్లవుల రాజధాని కంచి చేరిన హుయాన్ త్సాంగ్‌కు సింహళం వెళ్ళే అవకాశం మళ్ళీ చేజారింది. అక్కడి రాజు మరణించాడనీ, దేశంలో కరువు, అలజడి ఉన్నాయనీ అక్కడి నుండి తరలివచ్చిన భిక్షువులు చెప్పారు. దానితో ఆయన సముద్ర ప్రయాణం ఆలోచనను పూర్తిగా విరమించి పశ్చిమ దిశగా సాగాడు. మహారాష్ట్ర దేశంలో పులకేశి పరాక్రమాన్ని గూర్చి విని వ్రాశాడు. సింహళ వర్ణన ఆయన గ్రంథంలో ఉన్నప్పటికీ అది ఇతరుల ద్వారా విన్నదే.

తిరుగు ప్రయాణం, చివరి రోజులు

కనోజ్, ప్రయాగలలో హర్షవర్ధనుని సత్కారాలు అందుకొని స్వదేశానికి బయలుదేరాడు. సింధు నదిని ఆయన ఏనుగుపై దాటుతుండగా, గ్రంథాలు ఉన్న పడవ అలల తాకిడికి ఒరిగి 50 కట్టల తాళపత్రాలు, చైనాకు తీసుకుపోతున్న పూల విత్తనాలు నీటిపాలయ్యాయి. పోయిన వాటి ప్రతులను తిరిగి వ్రాయించడానికి ఉద్యాన దేశానికి మనుషులను పంపించాడు.

645లో 657 గ్రంథాలతో రాజధాని చాంగాన్ చేరాడు. అనుమతి లేకుండా వెళ్ళినవానికి చక్రవర్తి ఘన స్వాగతం ఏర్పాటు చేయించాడు. 646లో తన యాత్రా గ్రంథాన్ని 12 భాగాలుగా పూర్తి చేశాడు. మిగిలిన జీవితమంతా అనువాదానికే వెచ్చించి 75 గ్రంథాలను చైనా భాషలోకి తెచ్చాడు. 664లో మరణించాడు.

ప్రాముఖ్యత

మేట వేసుకుపోవడం వల్ల తామ్రలిప్తి రేవు కాలక్రమంలో అంతరించింది; తమ్లుక్ నేడు సముద్రానికి దూరంగా ఉన్నది. వేంగి కూడా రాజధాని హోదా కోల్పోయి గ్రామంగా మిగిలింది. ఏడవ శతాబ్దంలో ఈ రెండు నగరాల స్థితిని తెలుసుకోవడానికి హుయాన్ త్సాంగ్ గ్రంథం ముఖ్య ఆధారం. ఆయన ఆనాడు ఓడ ఎక్కి ఉంటే వేంగీ విహారాల ప్రస్తావన, ఆంధ్రుల భాషను గూర్చిన సాక్ష్యం ఆయన నుండి లభించేవి కావు.