తిన్నది ఒంటికి పట్టేదెలా? యల్లాప్రగడ వెతికిన జవాబు

పిల్లాడు ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదని మన ఇళ్లల్లో తరచూ అనుకుంటుంటాం. చాలాసార్లు అది అమ్మల దిగులు మాత్రమే. కానీ యల్లాప్రగడ సుబ్బారావు ఇంట్లో అది ప్రాణాలు తీసింది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో కన్నుమూశారు.

స్ప్రూలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఆ పొర నిండా వేలికొసల్లాంటి అతి సన్నని మొలకలుంటాయి. అరిగిన ఆహారంలోని పోషకాలు వీటి గుండానే రక్తంలోకి చేరతాయి. ఇవి అణిగిపోతే తిన్నది విరేచనాలుగా పోతుంది. నోరు పూస్తుంది, రక్తం తగ్గుతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు.

భీమవరం నుంచి బోస్టన్‌కు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. లేమిలో పెరిగారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకుని శస్త్రచికిత్స తరగతికి వెళ్లడం ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ ఆయన్నీ వదల్లేదు. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం పాఠాలు చెప్పారు.

మామగారి అండతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆమె భర్తను మళ్లీ చూడలేదు.

కండరానికి శక్తి ఎక్కడిది?

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. దాని పేరే ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి. రక్తంలోని అదనపు ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి పంపడం కిడ్నీల పని. అవి బాగా దెబ్బతింటే ఫాస్ఫేట్ రక్తంలో పేరుకుంటుంది. అందుకే ఈ కొలత లేబొరేటరీలకు ఎంతో ఉపయోగపడింది.

అదే కొలత మరో రహస్యాన్నీ విప్పింది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వాళ్లు గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా మారి కణాల్లోకి చేరుతుంది. మనం పీల్చిన ఆక్సిజన్ సాయంతో అక్కడ అది విరిగి, ఆ శక్తి ఏటీపీ రూపం తీసుకుంటుంది. మిగిలిన కార్బన్ డయాక్సైడ్‌ను ఊపిరితో వదిలేస్తాం. గుండె కొట్టుకోవాలన్నా, కనురెప్ప కదలాలన్నా ఖర్చయ్యేది ఏటీపీయే. బస్సు కోసం ఒక్క ఉదుటున పరుగెత్తినప్పుడు మొదటి కొన్ని సెకన్లు ఆదుకునేది ఫాస్ఫోక్రియాటిన్. మొక్కలకూ ఏటీపీయే ఇంధనం.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. త్వరలోనే అక్కడ పరిశోధనలకు అధిపతి అయ్యారు.

ఆకులోని విటమిన్

ఫోలిక్ యాసిడ్‌కు ఆ పేరు ఆకును సూచించే లాటిన్ మాట నుంచి వచ్చింది. మొదట దాన్ని వేరు చేసింది పాలకూర నుంచే. మొక్కలు దీన్ని సొంతంగా తయారు చేసుకుంటాయి. మనం చేసుకోలేం, తినాల్సిందే. ఇది లేకపోతే ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాలు సరిగా తయారు కావు. స్ప్రూ రోగుల పేగు దీన్ని కూడా గ్రహించలేదు.

1945లో సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసింది. దాన్ని ఇచ్చినప్పుడు స్ప్రూ రోగులు తేరుకున్నారు, రక్తం పట్టింది. దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలనూ లెడర్లీలోనే తయారు చేశారు. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా అదుపులోకి తెచ్చారు. నేటి మెథోట్రెక్సేట్ ఆ కుటుంబానిదే. మన గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు వాడే డీఈసీ మందూ ఆయన హయాంలో వచ్చిందే. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్స్‌లో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు.

ఇవాళ ఉష్ణదేశాల్లో కనిపించే స్ప్రూకు డాక్టర్లు ఇచ్చేది ప్రధానంగా రెండు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్. తన సోదరులకు అందని ఆ రెండు మందులూ ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి.

మన వంటింట్లో...

పాలకూర, తోటకూర, పెసలు, శనగలు, వేరుసెనగల్లో ఫోలేట్ బాగా ఉంటుంది. ఆకుకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది. కాస్త నీళ్లతో, మూతపెట్టి, తక్కువసేపు వండాలి. గర్భిణులకు ఇది మరీ ముఖ్యం. బిడ్డ మెదడు, వెన్నుపాముగా ఎదిగే నాళం మొదటి నెలలోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిందనే తెలియదు. అందుకే పిల్లల కోసం అనుకున్నప్పటి నుంచే డాక్టర్ సలహాతో రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. ఇక, వారాల తరబడి విరేచనాలవుతూ బరువు తగ్గుతుంటే తిండి పెంచి ఊరుకోకండి. పేగు దాన్ని గ్రహిస్తోందో లేదో పరీక్ష చేయించుకోండి.