సైకిలుపై భూప్రదక్షిణము: థామస్ స్టీవెన్సు జీవితము

హైదరాబాదు నుండి జహీరాబాదు మీదుగా షోలాపురము, పూణె దిక్కునకు సాగిపోవు రాజమార్గము ఈ ప్రాంతము వారికి చిరపరిచితము. ఆ బాటపై సైకిలు త్రొక్కుచు చెఱకుతోటకును, సంతకును, పాఠశాలకును పోయివచ్చిన వారికి, నడివేసవిలో పది మైళ్లు పోవుట యెంతటి శ్రమయో వేఱుగ చెప్పనక్కఱ లేదు. గొలుసు గాని, గాలి నింపిన చక్రములు గాని లేని సైకిలుపై 13,500 మైళ్లు పయనించి, భూగోళమును మొట్టమొదట సైకిలుపై చుట్టివచ్చిన ఖ్యాతి నొందిన సాహసి థామస్ స్టీవెన్సు. ఆ యాత్రలో నొక ముఖ్యభాగము భారతదేశముననే జరిగినది.

స్టీవెన్సు 1854 డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండులోని గ్రేట్ బర్కంస్టెడ్ అను ఊర జన్మించెను. అతనిది సామాన్య కుటుంబము. 1871లో అమెరికాకు వలసపోయి, వయోమింగులో రైలుమార్గమునకు చెందిన కర్మాగారమునను, కొలరాడోలో గనులయందును పనిచేసి పొట్టపోసికొనెను. సైకిలుపై దేశమును దాటవలెనను సంకల్పము గనిపనివాడుగా నున్నప్పుడే కలిగినది. అప్పటికి అతనికి సైకిలు త్రొక్కుటయే రాదు. శాన్ ఫ్రాన్సిస్కో చేరి, కొలంబియా అను పేరుగల సైకిలు కొని, అక్కడి ఉద్యానవనములో అభ్యాసము చేసెను.

నాటి సైకిలు నేటి దానివంటిది కాదు. ముందుచక్రము 50 అంగుళముల యెత్తు. వెనుకచక్రము మిక్కిలి చిన్నది. త్రొక్కుడు కమ్ములు ముందుచక్రపు ఇరుసునకే తగిలించియుండెడివి. చక్రములకు గట్టి రబ్బరు పట్టీ మాత్రమే యుండుటచే ప్రతి గతుకును ఎముకలకు తగిలెడిది. ఎదుట నొక ఱాయి అడ్డుపడినచో, ఎత్తున కూర్చున్న మనుష్యుడు తలక్రిందుగా నేలగూలవలసినదే.

1884 ఏప్రిల్ 22వ తేదీన స్టీవెన్సు శాన్ ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరెను. మేజోళ్లు, మారు చొక్కా, గుడారముగాను పడకగాను ఉపయోగపడు వానకోటు, ఒక చిన్న తుపాకి, ఇవియే అతని సామగ్రి. బండిదారులు, రైలుకట్టలు, కాలువగట్లు పట్టి 3,700 మైళ్లు దాటి ఆగస్టు 4వ తేదీన బోస్టను చేరెను. దారిలో మూడవవంతు సైకిలును నెట్టుకొనుచు నడచినదే. ఈ విజయమును జూచి, ఆ సైకిలును తయారుచేసిన పోప్ అను వ్యాపారి అతనిని తన ఔటింగ్ పత్రికకు విలేకరిగా నియమించి ముందునకు పంపెను.

1885 మే 4వ తేదీన లివర్‌పూలు నుండి రెండవ ఘట్టము మొదలయ్యెను. ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రియా, హంగెరీ, సెర్బియా, బల్గేరియా, తుర్కీ దేశములు దాటి పారశీకము చేరి, టెహరానులో శీతకాలము గడపెను. షా చక్రవర్తియు అతని సైకిలును చూచి వినోదించెను. కాని అటుపై దారి మూసికొనిపోయెను. సైబీరియా మీదుగా పోవుటకు అనుమతి దొరకలేదు. 1886 మార్చిలో ఆఫ్ఘనిస్థానము దిక్కునకు సాహసించి పోగా, అక్కడి అధికారులు పట్టుకొని వెనుకకు పంపివేసిరి. నెలలతరబడి పడిన శ్రమ వృథయగు స్థితి ఏర్పడెను. అతడు నిరాశ చెందలేదు. రైలుపైనను ఓడలపైనను చుట్టుదారిని కాన్‌స్టాంటినోపిలుకు మరలివచ్చి, అక్కడి నుండి కరాచీ చేరెను.

లాహోరు నుండి కలకత్తా వఱకు వేయి మైళ్లకు మించిన గ్రాండ్ ట్రంకు రోడ్డుపై అతని భారతయాత్ర సాగెను. పూర్వము షేర్షా అభివృద్ధి చేసిన ఆ పురాతన మార్గమును ఆంగ్లేయులు సుద్దఱాళ్లతో గట్టిపఱచియుండిరి. ఇరుప్రక్కల నీడనిచ్చు చెట్లు, సత్రములు, బావులు ఉండెను. అమెరికాలో రైలుకట్టల మీద ఈడ్చుకొనివచ్చిన వానికి ఇట్టి బాట వరమే. కాని ఎండయు వర్షాకాలపు ఉక్కయు శత్రువులై నిలిచెను. వేకువనే బయలుదేరుట, మధ్యాహ్నము బంగళాలలో పంకాల క్రింద తలదాచుకొనుట నియమముగా పెట్టుకొనవలసి వచ్చెను. ఎద్దుబండ్లు, ఒంటెలు, యాత్రికులు, బేరగాండ్రతో బాట నిండియుండెను. ఢిల్లీ, ఆగ్రా, కాన్పూరు, కాశీ నగరములు చూచి కలకత్తా చేరెను. కన్న వింతలను విపులముగా వ్రాసెను గాని, నాటి ఆంగ్లేయుల చిన్నచూపు అతని రచనలో లేకపోలేదు. వివేకముగల పాఠకుడు ఆ లోపమును గుర్తించియే చదువవలెను.

కలకత్తా నుండి ఓడపై హాంగ్‌కాంగు పోయి దక్షిణ చైనాలో ప్రవేశించెను. ఫ్రెంచివారితో జరిగిన యుద్ధమువలన అక్కడి ప్రజలు విదేశీయులపై ఆగ్రహించియుండిరి. ఒకచోట గుంపు ఱాళ్లు రువ్వగా ప్రాణములకే ముప్పు వచ్చెను. అక్కడి అధికారులే ఆశ్రయమిచ్చి కాపాడిరి. పిమ్మట జపానులో నాగసాకి నుండి బయలుదేరి 1886 డిసెంబరు 17వ తేదీన యోకోహామా చేరుటతో యాత్ర ముగిసెను. అతడు చెప్పుకొనిన 13,500 మైళ్లలో ఓడదారియు రైలుదారియు చేరలేదు.

తరువాత 1889లో ఒక పత్రిక పక్షమున స్టాన్లీని వెదకుచు తూర్పు ఆఫ్రికాకును, ఆపైన గుఱ్ఱముపై రష్యాకును పోయెను. తుదకు ఇంగ్లండు చేరి, లండనులోని గారిక్ నాటకశాలలో వ్యవహారకర్తగా పనిచేసెను. 1935 జనవరి 24వ తేదీన లండనులో కన్నుమూసెను.

అతనిని మోసిన సైకిలును పోప్ సంస్థవారు చాలకాలము భద్రపఱచిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అది పాత ఇనుము క్రింద యుద్ధావసరములకు పోయినది. 1887, 1888 సంవత్సరములలో వెలువడిన రెండు సంపుటముల యాత్రాగ్రంథము మాత్రము నేటికిని నిలిచియున్నది. ఇనుము కరగిపోయినను అక్షరము మిగిలినది. కాలినడకన గ్రంథాలయమునకు వచ్చు పేద పాఠకునకు సైతము ఆ దూరదేశముల బాటలు తెఱచియే యున్నవి.