పేరు చిట్టి.. ఇంజిన్ మాత్రం 23 లీటర్లు! విమానం ఇంజిన్‌తో కారు నడిపిన కుర్రాడి కథ

గోదావరి పాయల్లో తిరిగే పడవకి ఆయిల్ ఇంజిన్ బిగించి నడిపేయడం కోనసీమలో చూడని వాళ్లుండరు. ఒకదాని కోసం తయారైన ఇంజిన్‌ని ఇంకోదానికి తగిలించి పని కానిచ్చేయడం మన మెకానిక్కులకు వెన్నతో పెట్టిన విద్య. మరి విమానం ఇంజిన్ తెచ్చి కారులో పెడితే? వందేళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఓ కుర్రాడు ఆ పనే చేశాడు. అదీ ఒకసారి కాదు, నాలుగుసార్లు.

ఆయన పేరు కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ. పలకడానికి నోరు తిరగదు కదా? కానీ ఆయన కారు పేరు వింటే మనింటి పిల్ల పేరులా ఉంటుంది. చిట్టి! పూర్తి పేరు చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్. 1968లో వచ్చిన ఎగిరే కారు సినిమా చిట్టీ చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. జేమ్స్ బాండ్‌ని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన పిల్లల పుస్తకం ఆధారంగా తీసిందది. ఆ కథకు పేరిచ్చిన అసలు కారు ఇదే. ఇది ఎగరలేదు కానీ, ఎగరాల్సిన ఇంజిన్‌తోనే పరిగెత్తింది.

తండ్రి పోయింది కూడా రేసులోనే

లూయీ 1895లో లండన్‌లో పుట్టాడు. తల్లి అమెరికాలోని ఆస్టర్ వంశం ఆడపడుచు. న్యూయార్క్ మాన్‌హట్టన్‌లో ఆ కుటుంబానికి భూములున్నాయి. ఎంత ఆస్తో ఇక మీరే ఊహించుకోండి. తండ్రి ఎలియట్‌కి రేసుల పిచ్చి. 1903లో ఫ్రాన్స్‌లోని నీస్ దగ్గర లా టర్బీ కొండ ఎక్కే రేసులో మెర్సిడెస్ కారు నడుపుతూ ప్రమాదంలో చనిపోయాడు. చొక్కా కఫ్ లింకు యాక్సిలరేటర్ మీటకు చిక్కుకోవడం వల్లే కారు అదుపు తప్పిందని అంటారు. అప్పటికి కొడుక్కి 8 ఏళ్లు.

1911లో తల్లి కూడా పోయింది. 16 ఏళ్ల కుర్రాడి చేతికి లెక్కలేనంత డబ్బు, కెంట్ కౌంటీలో హైయమ్ పార్క్ అనే పెద్ద బంగళా వచ్చాయి. అడ్డు చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. ఇంకొకరైతే ఆ డబ్బుతో ఏం చేసేవాళ్లో కానీ, లూయీ మాత్రం బంగళాలోనే వర్క్‌షాప్ పెట్టుకున్నాడు.

తూకానికి దొరికిన ఇంజిన్లు

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. విమానాల కోసం తయారుచేసిన ఇంజిన్లు గుట్టలుగా మిగిలిపోయాయి. ఇక వాటితో పనిలేదు, చవగ్గా అమ్మేశారు. లూయీ వాటి మీద కన్నేశాడు. తోడుగా కెప్టెన్ క్లైవ్ గ్యాలప్ అనే ఇంజినీర్ దొరికాడు. బెంట్లీ తొలి ఇంజిన్ తయారీలో పనిచేసిన మనిషి ఈయన.

ఇద్దరూ కలిసి పాత మెర్సిడెస్ కారు ఛాసిస్‌ను పొడిగించి, అందులో జర్మన్ మేబాక్ కంపెనీ ఎయిర్ ఇంజిన్ కూర్చోబెట్టారు. దాని కెపాసిటీ ఎంతో తెలుసా? 23 వేల సీసీ పైనే. మన వీధుల్లో దడదడలాడే 350 సీసీ బుల్లెట్లు 66 కలిపితే ఎంతో అంత. మొత్తం 6 సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండర్‌లో 11 బుల్లెట్లు పట్టేస్తాయన్నమాట!

ఇక్కడో తమాషా ఉంది. అంత పెద్ద ఇంజిన్ కదా, గిర్రున తిరిగిపోతుందని అనుకుంటాం. కానే కాదు. విమానం ఫ్యాన్ తిప్పడానికి చేసింది కాబట్టి నిమిషానికి 1,400, 1,500 చుట్లకు మించి తిరగక్కర్లేదు. మన చిన్న బైకు ఇంజిన్ అంతకు నాలుగైదు రెట్లు వేగంగా తిరుగుతుంది. కానీ దీని ఒక్కో చుట్టులో ఉండే బలం వేరు. దాదాపు 300 హార్స్ పవర్. ఆ బలాన్ని వెనక చక్రాలకు అందించేది సైకిల్‌కి ఉన్నట్టే రెండు పక్కలా చెయిన్లు. కాకపోతే బాగా లావువి.

1921 ఈస్టర్ పండక్కి ఈ కారు లండన్ దగ్గర్లోని బ్రూక్‌లాండ్స్ రేస్ ట్రాక్ మీదకు వచ్చింది. సోకులేమీ లేని మొరటు బాడీ. కానీ గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల పైన సగటు వేగంతో రేసు గెలిచేసింది. 216 హైవే మీద ఇవాళ ఎవరైనా ఆ స్పీడు చూపిస్తే మనం తిడతాం. అది 1921 అని మర్చిపోకండి.

పేరెలా వచ్చిందంటారా? స్టార్ట్ చేసినప్పుడు వచ్చే చప్పుడే ఆ పేరయిందని కొందరంటారు. సైనికులు పాడుకునే ఓ కొంటె పాట నుంచి తీసుకున్నారని ఇంకొందరు. రెండోదే నిజమై ఉంటుందేమో, యుద్ధం నుంచి వచ్చిన కుర్రాళ్లు కదా!

వెంటనే ఇంకో చిట్టి తయారైంది. దానికి 18.8 లీటర్ల బెంజ్ ఎయిర్ ఇంజిన్. 1922లో భార్య వయొలెట్‌ను, స్నేహితులను వెంటేసుకుని ఈ రెండో చిట్టితో సహారా ఎడారి దాకా వెళ్లొచ్చాడు లూయీ. మూడో కారు కూడా వచ్చింది, అది కొంచెం చిన్నది.

ఇంజిన్ సరే.. టైరు సంగతేంటి?

అసలు చిక్కు ఇక్కడే. డబ్బు పెడితే పెద్ద ఇంజిన్ దొరుకుతుంది. దాన్ని మోసే టైరు మాత్రం ఆ రోజుల్లో ఎంత డబ్బిచ్చినా దొరకదు. 1922లో బ్రూక్‌లాండ్స్‌లో మొదటి చిట్టి ఫుల్ స్పీడులో ఉండగా టైరు పేలింది. కారు ట్రాక్ దాటి, టైమ్ నమోదు చేసే గుడిసెను గుద్దేసింది. లూయీ బతికి బయటపడ్డాడు. గుడిసె దగ్గరున్న ఉద్యోగి చేతి వేళ్లు పోగొట్టుకున్నాడు. సరదా ఒకరిది, వేళ్లు ఇంకొకరివి.

(మన దగ్గరైతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. ఇంజిన్ మార్చాలన్నా ఆర్టీఓ అనుమతి కావాల్సిందే.)

అయినా లూయీ తగ్గలేదు. నాలుగోసారి ఏకంగా 27 లీటర్ల ఇంజిన్ పట్టుకొచ్చాడు. అమెరికా ప్రభుత్వం యుద్ధ విమానాల కోసం చేయించిన 12 సిలిండర్ల లిబర్టీ ఇంజిన్ అది. ఆ కారుకు హైయమ్ స్పెషల్ అని పేరు పెట్టాడు. ఇటు ఆస్టన్ మార్టిన్ కంపెనీకి డబ్బు సాయం చేశాడు, అటు 1923లో అమెరికా వెళ్లి ఇండియానాపొలిస్ 500 రేసులో బుగాటీ నడిపాడు. చిన్న రైలుబండి మోజు కూడా ఉండేది. రెండు బుల్లి ఆవిరి ఇంజిన్లకు ఆర్డర్ ఇచ్చాడు కానీ, అవి పట్టాలెక్కడం చూడలేకపోయాడు.

1924 అక్టోబర్ 19. ఇటలీలోని మోంజాలో గ్రాండ్ ప్రి. లూయీ మెర్సిడెస్ టీమ్ తరఫున దిగాడు. కారు ట్రాక్ తప్పి చెట్టును ఢీకొట్టింది. తండ్రిలాగే రేసులో, తండ్రిలాగే మెర్సిడెస్‌లో ప్రాణం వదిలాడు. వయసు 29. ఆ రోజు తండ్రి కఫ్ లింకులే పెట్టుకుని ఉన్నాడని చెప్పుకుంటారు. ఇది ఎంత నిజమో కానీ, ఆ రెండు చావుల మధ్య 21 ఏళ్లే తేడా.

కారు కథ మాత్రం అక్కడితో ఆగలేదు. హైయమ్ స్పెషల్‌ను పారీ థామస్ అనే వేల్స్ ఇంజినీర్ 125 పౌండ్లకు కొన్నాడు. పిస్టన్లు తనే డిజైన్ చేసుకుని, కార్బొరేటర్లు మార్చి, కారుకి బాబ్స్ అని పేరు పెట్టాడు. వేల్స్‌లోని పెండైన్ తీరం ఆయన ట్రాక్. అంతర్వేది దగ్గర బీచ్‌లో బండి నడిపిన వాళ్లకు తెలుసు, అల వెనక్కెళ్లాక తడి ఇసుక ఎంత గట్టిగా ఉంటుందో. 1926 ఏప్రిల్ 28న ఆ ఇసుక మీద బాబ్స్ గంటకు 171 మైళ్లు, అంటే 275 కిలోమీటర్ల వేగం అందుకుంది. ప్రపంచ రికార్డు!

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు కదా. 1927 ఫిబ్రవరిలో అదే తీరంలో మాల్కమ్ క్యాంప్‌బెల్ ఆ రికార్డు కొట్టేశాడు. దాన్ని తిరిగి తెచ్చుకుందామని మార్చి 3న థామస్ దిగాడు. కారు బోల్తాపడి చనిపోయాడు. చెయిన్ తెగి తగిలిందని చాలాకాలం నమ్మారు. వెనక చక్రం విరగడమే కారణమని తర్వాత వాదన వచ్చింది.

బాబ్స్‌ను ఆ ఇసుకలోనే పాతిపెట్టేశారు. 42 ఏళ్లు అక్కడే ఉంది. 1969లో ఒవెన్ విన్ ఒవెన్ అనే ఇంజినీరింగ్ లెక్చరర్ తవ్వి తీయించాడు. తుప్పు పట్టిన ముక్కలన్నీ పేర్చుకుంటూ ఏళ్ల తరబడి కష్టపడి మళ్లీ కారుగా నిలబెట్టాడు. లూయీ ఏరికోరి తెచ్చుకున్న 27 లీటర్ల ఇంజిన్ మోడల్ ఎలా ఉంటుందో ఇప్పుడు బాబ్స్‌లో చూడొచ్చు. ఆయన ఆర్డర్ ఇచ్చిన బుల్లి రైలు ఇంజిన్లను మరో రేసర్, కెప్టెన్ హోవీ తీసుకున్నాడు. కెంట్ తీరంలో 1927లో మొదలైన ఆయన చిన్న రైల్వే ఇప్పటికీ ప్రయాణికులను తిప్పుతోంది.