గంధపు నూనె, ఇనుము, కొలువులు: దివాన్ విశ్వేశ్వరయ్య

తెలుగువారికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య అంటే 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌కు రక్షణ ప్రణాళిక ఇచ్చిన ఇంజినీరు. పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాన్‌గా ఆయన చేసిన పని మన దగ్గర అంతగా తెలియదు.

స్థానిక వ్యాపారులు పెట్టుబడికి జంకితే ప్రభుత్వమే ముందు దిగాలన్నది ఆయన లెక్క. 1913లో రాజ్యం అండతో మైసూరు బ్యాంకు వచ్చింది. 1914లో యుద్ధం మొదలై, మైసూరు గంధపు చెక్కకు జర్మనీ మార్కెట్ మూసుకుపోయింది. చెక్క అమ్మే బదులు నూనె ఇక్కడే తీద్దామని 1916లో బెంగళూరులో ప్రభుత్వ ఫ్యాక్టరీ పెట్టారు. మైసూరు శాండల్ సబ్బు పుట్టింది ఆ నూనెతోనే.

భద్రావతి ఇనుప కర్మాగారం అంత సులువుగా నడవలేదు. రాజ్యంలో బొగ్గు గనులు లేవు. అడవి కట్టె కాల్చిన బొగ్గుతోనే ఇనుము కరిగించాలి. 1923లో ఉత్పత్తి మొదలయ్యేనాటికి యుద్ధకాలపు గిరాకీ పోయింది, నష్టాలు మొదలయ్యాయి. చక్కదిద్దమని, అప్పటికే పదవి వదిలేసిన విశ్వేశ్వరయ్యనే పిలిచి బోర్డు అధ్యక్షుణ్ని చేశారు.

పదవి వదలడానికి కారణం కూడా ఉద్యోగాలే. ప్రభుత్వ కొలువుల్లో బ్రాహ్మణేతరులు వాటా అడిగారు. ప్రతిభే కొలమానమని దివాన్ పట్టుబట్టారు. చదువు ఎవరికి అందింది, ఎవరికి అందలేదన్నది ఆ లెక్కలోకి రాలేదు. మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయార్ మాత్రం 1918లో మిల్లర్ కమిటీ వేశారు. వెనుకబడిన వర్గాలకు వాటా కేటాయించాలంటూ 1919లో నివేదిక వచ్చేసరికి విశ్వేశ్వరయ్య దివాన్‌గా లేరు.