హౌస్‌డార్ఫు పండితుడు

కోనసీమ కొబ్బరితోటల నెరిగినవారికి జర్మను గణితవేత్త ఫెలిక్సు హౌస్‌డార్ఫు భావమును బోధించుట కష్టము కాదు. రెండు చెట్లు ఎంత దాపున నున్నను, ఒకదాని నొకటి తాకకుండ వేరువేరు చిన్న పాదులు తీయవచ్చును. నడుమ నెన్ని గజములో కొలువ నక్కరలేదు. బిందువులు, వాని చుట్టు పాదులు, నాలుగు సూత్రములు: వీనితోనే సామీప్యమన నేమో, అవిచ్ఛిన్నత యన నేమో ఆయన నిర్వచించెను. 1906లో ఫ్రెంచి పండితుడు ఫ్రెషే దూరము నాధారముగా గొనెను; హౌస్‌డార్ఫు దానిని గూడ విడిచెను. నేడు సాధారణ టోపాలజీ యనబడు శాస్త్రమునకు ఇదియే పునాది.

ఈయన 1868 నవంబరు 8న బ్రెస్లావులో యూదు వర్తకుని యింట జన్మించి లైప్జిగులో పెరిగెను. సంగీతకర్త కాగోరి, తండ్రి మాటపై గణితమునకు మరలెను. గణితము రసహీనమనువారు గమనింతురు గాక: పాల్ మోంగ్రే యను మారుపేరుతో తత్త్వగ్రంథములు, కవితలు వ్రాసెను, 1904 నాటి ఆయన ప్రహసనము రంగస్థలమున ఆదరణము బడసెను.

1914లో గ్రైఫ్స్‌వాల్డున నుండగా సమితిశాస్త్ర మూలములపై మహాగ్రంథమును ప్రకటించి కాంటరున కంకిత మొసగెను. కొలది నెలలకే యుద్ధము వచ్చి దాని వ్యాప్తి కడ్డుపడెను. పిమ్మట అన్నిదేశములకు ప్రాకిన ఆ శాస్త్రముపై మదరాసునుండి వైద్యనాథస్వామిగారు 1947లో ఆంగ్లగ్రంథము వెలువరించిరి.

1921లో హౌస్‌డార్ఫు బాన్ విశ్వవిద్యాలయమునకు మరలివచ్చి, 1935లో విశ్రాంతి గైకొనెను. అప్పటికే నాజీలు రాజ్యమేలుచుండిరి. విద్యను గాక పుట్టుకను తూచు పాలనలో గ్రంథాలయము సైత మాయనకు మూతపడెను. ఇదంతయు దేశభక్తి పేరిట జరుగుట జాతీయవాదుల కెల్లరకు సిగ్గుచేటు. బెస్సెల్-హాగెన్ అను సహాధ్యాపకుడు పుస్తకములు తెచ్చి యిచ్చుచుండెను. చివరి వ్యాసమును 1938లో పోలెండు పత్రిక ప్రకటించెను. 1939లో అమెరికా చేరుటకు చేసిన యత్నము ఫలింపలేదు.

1942 జనవరిలో, బాన్ శివారున ఎండెనిక్ మఠమునందలి యూదుల నిర్బంధస్థలమునకు పోవలసినదని ఆజ్ఞ వచ్చెను. ఆ వేసవిలోనే అచ్చటివారి ననేకులను తూర్పునకు పంపి చంపిరి. ఆయన యొక న్యాయవాది మిత్రునకు వీడ్కోలు లేఖ వ్రాసి, జనవరి 26న భార్య షార్లట్‌తో కూడ ప్రాణత్యాగము చేసెను. ఆమె సోదరియు వారి ననుసరించెను.

సుమారు 26 వేల వ్రాతకాగితములు ఈజిప్టు పురావిద్యా పండితుడు హాన్స్ బోనెట్ రక్షణలో నుండెను. యుద్ధాంతమున బాంబుచే ఆ యిల్లు కూలినను, వానిలో అధికభాగము దక్కెను.