ఆర్గన్ తిత్తిలోంచి లేచిన విమానం

నాగార్జునసాగర్ దిక్కు పోయిన మన నల్గొండ దోస్తులకు తెలుసు, అక్కడొక చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. పైలట్ ట్రైనింగ్ విమానాలు అక్కడినుంచే లేస్తుంటయి. 2022 ఫిబ్రవరిలో అట్లాంటి ఒక విమానం పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర కూలింది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ అమ్మాయి చనిపోయింది. ఎగరడం నేర్చుకోవడమే ప్రాణం మీదికి వచ్చే పని. నేల మీదనే కూర్చుని ఎంత వీలైతే అంత నేర్చుకునే దారి వేసినవాడు ఎడ్విన్ లింక్.

1904లో అమెరికాలోని ఇండియానాలో పుట్టాడు. వాళ్ల నాన్నకు న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో పియానోలు, ఆర్గన్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. 1920లో మొదటి ఫ్లయింగ్ పాఠానికి 50 డాలర్లు కట్టాడు. నేర్పేవాడు గాల్లో పల్టీలు కొట్టించి కిందికి దింపేశాడు తప్ప కంట్రోల్స్ ముట్టుకోనియ్యలేదు. డబ్బులు పోయినయి, విద్య రాలేదు!

ఆ కసి ఫ్యాక్టరీ బేస్‌మెంట్‌లో పనికొచ్చింది. మన భాగోతాల హార్మోనియం చూసిన వాళ్లకు ఇది ఇట్టే అర్థమైతది. తిత్తిలోకి గాలి పోతే ఉబ్బుతది, లాగేస్తే ముడుచుకుంటది. లింక్ ఒక బుల్లి విమానం డొల్ల చేసి, దాని కింద ఆర్గన్ తిత్తులు పెట్టాడు. లోపల కూర్చున్నవాడు స్టిక్ కదిపితే వాల్వ్‌లు తెరుచుకుని, ఒక తిత్తిలోంచి గాలి పోయి, డొల్ల అటుపక్కకు ఒరుగుతది. కంప్యూటర్ లేదు, కోడ్ లేదు. 1929లో పేటెంట్‌కు అప్లై చేశాడు. సైన్యం పట్టించుకోలేదు. జాతర్లలో రంగులరాట్నం లెక్క, దాన్ని వినోదం పార్కులే ఎక్కువ కొన్నయి.

1934లో కథ మారింది. విమానాల్లో ఉత్తరాలు మోసే పనిని ప్రభుత్వం సైన్యానికి అప్పజెప్పింది. చలికాలం, మబ్బులు, రాత్రిపూట. కేవలం మీటర్లు చూసి ఎగరడం ఆ పైలట్లలో చాలామందికి సరిగ్గా రాదు. కొన్ని వారాల్లోనే పది మందికి పైగా చనిపోయారు. అప్పుడు లింక్‌ను నూవర్క్‌కు పిలిచారు. ఆరోజు దట్టమైన పొగమంచు. ఇంకేం వస్తాడులే అని అధికారులు లేచిపోబోతుంటే, మీటర్లను నమ్ముకుని వచ్చి దిగాడు. నా దృష్టిలో అంతకు మించిన డెమో లేదు. సైన్యం ఆరు ట్రైనర్లు కొన్నది, ఒక్కోటి దాదాపు 3,500 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి సుమారు 10,000 తయారైనయి, ఐదు లక్షల మందికి పైగా వాటిలో నేర్చుకున్నరు.

ఇప్పుడు తేజస్‌లో ముల్లుల మీటర్ల స్థానంలో మల్టీ ఫంక్షన్ డిస్‌ప్లేలు వచ్చినయి. ఒకే స్క్రీన్‌లో ఒక బటన్‌కు మ్యాప్, ఇంకో బటన్‌కు రాడార్, మరోదానికి ఇంజిన్ వివరాలు. ఏ క్షణంలో ఏ పేజీ తెరవాలో వేళ్లకు అలవాటయ్యేది సిమ్యులేటర్‌లోనే.

లింక్ మాత్రం 1950లలో కంపెనీ అమ్మేసి సముద్రం మీద పడ్డాడు. నీటి అడుగున మనుషులు పనిచేసే బుల్లి జలాంతర్గామి డిజైన్ చేశాడు. 1973 జూన్‌లో ఫ్లోరిడా దగ్గర అది మునిగిన ఓడ శిథిలాల్లో చిక్కుకున్నది. ఒక రోజుకు పైగా బయటికి రాలేదు. నలుగురిలో ఇద్దరు కార్బన్ డయాక్సైడ్‌కు బలయ్యారు. ఒకరు లింక్ కొడుకు, 31 ఏళ్లు.

ఆ తర్వాత ఆయన కూర్చుని చేసిన పని, అట్ల చిక్కుకున్న వాహనాలను విడిపించే కెమెరా యంత్రం తయారుచేయడం. 1981 సెప్టెంబర్‌లో బింగ్‌హామ్టన్‌లోనే కన్నుమూశాడు.