ప్రాణదాత యల్లాప్రగడ సుబ్బారావు

తాను అనుభవించిన దుఃఖం ఇతరులకు కలగరాదని తపించేవారు అరుదు. అట్టి అరుదైన మహనీయులలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికంతో పోరాడుతూ మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు నందుకొని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళారు. అందుకు ఆంగ్లేయ ఆచార్యుడు ఆగ్రహించాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. స్ప్రూ అనే వ్యాధి ఆయన ఇద్దరు సోదరులను బలిగొన్నది. తానూ దాని బారిన పడి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. రోగాలను జయించే మందులను కనుగొనాలన్న దీక్ష ఆయనలో నాటి నుండి బలపడింది.

మామగారి తోడ్పాటుతో అమెరికా చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించారు. పొట్టకూటికై రాత్రివేళ ఆసుపత్రిలో పరిచారకునిగా శ్రమించారు. సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల శక్తి రహస్యాన్ని శోధించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనలకు సారథ్యం వహించారు.

అప్పటికి పెన్సిలిన్ వాడుకలోకి వస్తున్నది. దానికి లొంగని సూక్ష్మజీవులెన్నో మిగిలే ఉన్నాయి. వాటిని అణచే మందుకై సుబ్బారావు బృందం మట్టి నమూనాలను శోధించింది. డెబ్బై ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ఆ బృందంలో ఉండి, మిస్సోరి మట్టిలో బంగారు వన్నె గల సూక్ష్మజీవిని గుర్తించారు. దాని నుండి లభించిన ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది.

ఆ కుటుంబపు విలువ గుండె జబ్బులలో స్పష్టంగా కనిపిస్తుంది. గుండె లోపలి పొరకు, కవాటాలకు సూక్ష్మజీవులు సోకడాన్ని ఎండోకార్డైటిస్ అంటారు. బృహద్ధమని కవాటానికి సాధారణంగా మూడు రేకులుంటాయి. పుట్టుకతో రెండే రేకులున్నవారికి, కృత్రిమ కవాటం అమర్చుకున్నవారికి ఈ ముప్పు ఎక్కువ. యాంటీబయాటిక్‌లు లేని కాలంలో ఈ వ్యాధి సోకినవారు దాదాపు అందరూ మరణించేవారు.

పశువులు, గొర్రెలు, మేకల నుండి మనిషికి సోకే క్యూ జ్వరం కూడా ఇటువంటి కవాటాలను ఆశ్రయిస్తుంది. మైలవరం, నందిగామ వంటి మెట్ట ప్రాంతాలలో ఆ జీవాల పెంపకమే ఆధారమైన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ సూక్ష్మజీవి కణాల లోపల దాగి ఉంటుంది. రక్తాన్ని మామూలు పద్ధతిలో కల్చర్ చేసినా బయటపడదు. రక్తంలోని ప్రతిరక్షకాలను పరీక్షించి, ఎకో ద్వారా కవాటాన్ని చూసి వైద్యులు వ్యాధిని నిర్ధారిస్తారు. దానికి టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను, హైడ్రాక్సీక్లోరోక్విన్‌తో కలిపి కనీసం 18 నెలలు వాడతారు.

ఆరియోమైసిన్ వెలువడిన 1948లోనే, ఆగస్టులో, 53 ఏళ్ళ ప్రాయంలో సుబ్బారావు గుండె నిద్రలోనే ఆగిపోయింది. ఎందరి గుండెలనో కాపాడిన మందుల వంశానికి ఆద్యుడైన ఆ శాస్త్రవేత్త పేరు నాడు లోకానికి అంతగా తెలియదు. కీర్తిని కోరక కృషినే నమ్మిన ఆయన జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.